చీనీ పోయే దారి, యాపిల్ వచ్చే దారి



ఈసారి రాసేది పంట గురించి కాదు. పంటను మోసే దారి గురించి, ఆ దారిలో బండి తోలినోళ్ల గురించి. కొంచెం పొడుగే ఉంటుంది. రాత్రి అన్నం తిని తీరిగ్గా చదవండి.

మన అనంతపురం పక్కన పోయే పెద్దరోడ్డు మీ అందరికీ తెలిసిందే. ఇటు తిరిగితే బెంగుళూరు రోడ్డంటాం, అటు తిరిగితే హైదరాబాదు రోడ్డంటాం. పాత లెక్కలో దాని నెంబరు 7. 2010లో దేశమంతా హైవే నెంబర్లు మార్చినప్పుడు 44 అయింది. ఒక కొస కన్యాకుమారి, ఇంకో కొస శ్రీనగర్. మన పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు దాటి, జడ్చర్ల, హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదు మీదుగా నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ పోతుంది. అక్కడినుంచి అంబాలా, జలంధర్, పఠాన్‌కోట్, జమ్ము. ఆ తర్వాత కొండలు.

మన తోటల్లో కోసిన చీనీ ఈ రోడ్డు మీదనే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి పోతుంది. కాశ్మీర్ తోటల్లో కోసిన యాపిల్ కూడా ఇదే రోడ్డు మీద అదే మండీకి దిగుతుంది. మన ఊళ్లో తోపుడుబండి మీద కనబడే కాశ్మీర్ యాపిల్ కూడా ఈ రోడ్డు పట్టుకొని వచ్చిందే. అంటే వాళ్లూ మనమూ ఒకే రోడ్డు రైతులం. మన పక్క ఎండ, వాళ్ల పక్క మంచు. అంతే తేడా.

ఆ మంచు పక్క ఉన్న చివరి ముక్క, జమ్ము నుంచి శ్రీనగర్ దాకా, ఈ దేశంలో లారీ డ్రైవర్లను ఎక్కువ ఏడిపించిన రోడ్లలో ఒకటి. మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఆ రోడ్డు మీద స్టీరింగు పట్టినోళ్లు ఇద్దరున్నారు. ఒకాయన నేషనల్ పర్మిట్ లారీ మీద ముప్పై ఏళ్లు తిరిగి దిగిపోయినాడు. నేను చిన్నాయనా అని పిలుస్తాను. ఇంకొకాయన మిలిటరీలో బండి డ్రైవరుగా చేసి పింఛనుతో వచ్చినాడు. ఆయన మాకు వరసకు మామ. వీళ్లిద్దరూ చెప్పింది, నేను తెలుసుకున్న చరిత్ర కలిపి రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడంలేదు.

మొదట ఇది పెద్దదారే కాదు

కాశ్మీర్ లోయకు చుట్టూ కొండలే. నీళ్లు బయటికి పోవడానికి ఒకటే దారి, జీలం నది. మనుషులూ సరుకూ కూడా ఎక్కువగా ఆ నది పక్కనే పోయేవి. 1890 ప్రాంతంలో ఆ నది వెంబడి బండ్ల రోడ్డు పడింది. శ్రీనగర్, బారాముల్లా, ఉరి మీదుగా రావల్పిండి పోయే దారి అది. ఎక్కుడు తక్కువ. చలికాలంలో కూడా కొంతవరకు నడిచేది. రావల్పిండిలో రైలు ఉంది, పెద్ద మార్కెట్టు ఉంది. కాశ్మీర్ పండు అటే దిగేది. లోయకు కావలసిన ఉప్పు, కిరోసిను, బట్ట అటునుంచే ఎక్కి వచ్చేవి.

జమ్ము వైపు దారి వేరే. అక్కడ పీర్ పంజాల్ కొండల వరస అడ్డం. బనిహాల్ కనుమ దాటాలి. దాని ఎత్తు 2,832 మీటర్లు. మన తిరుమల కొండ 850 మీటర్ల పైచిలుకు. దానికి మూడింతల కంటే ఎక్కువన్నమాట. మహారాజా ప్రతాప్ సింగ్ కాలంలో ఆ కనుమ మీదుగా రోడ్డు వేసి 1922లో అందరికీ తెరిచినారు. బనిహాల్ కార్ట్ రోడ్ అనేవాళ్లు. పేరులోనే బండ్ల రోడ్డని ఉంది. ఎండాకాలం పనికొచ్చేది. చలికాలం వస్తే కనుమ మంచు కింద పడిపోయి నెలలకు నెలలు మూతపడేది. రావల్పిండి దారి ఉంది కాబట్టి అప్పుడు ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు.

1947లో ఏమైంది

దేశం రెండు ముక్కలైనప్పుడు రావల్పిండి పాకిస్తాన్‌కు పోయింది. జమ్ముకు రైలు సియాల్‌కోట్ నుంచి వచ్చేది. సియాల్‌కోట్ కూడా అటే పోయింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లోయకు ఉప్పు, పెట్రోలు, కిరోసిను రావడం ఆగిపోయింది. అక్టోబరు చివర్లో జీలం రోడ్డు వెంబడే దాడి జరిగింది. అక్టోబరు 27న మన సైన్యం శ్రీనగర్‌లో విమానాల్లో దిగింది. ఎందుకు విమానాల్లో దిగిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నమ్ముకోదగ్గ రోడ్డు లేదు.

యుద్ధం సంగతి పుస్తకాల్లో ఉంది. రైతు సంగతి కొంచెం ఆలోచించండి. అప్పటికే చెట్లు నాటుకున్నోళ్లు, ఏటా కాపు తీసి రావల్పిండికి పంపుతున్నోళ్లు. ఒక్క సీజన్లో మార్కెట్టు, రైలు, రోడ్డు మూడూ పోయినాయి. చెట్టు మాత్రం కాయడం మానదు కదా. వాళ్లకు మిగిలింది ఒకటే, ఆ బనిహాల్ కనుమ. చలికాలంలో మూసుకుపోయే దారి. అది దాటినా జమ్ములో రైలు లేదు. లారీలో పఠాన్‌కోట్ దాకా పోవాలి. జమ్ముకు మన దేశం వైపు నుంచి రైలు వచ్చింది 1972లో. పాతికేళ్లు జమ్ముకు రైలే లేదు.

అందుకే చెప్తున్నాను. మనం పంట వేసేటప్పుడు నీళ్లు చూస్తాం, నేల చూస్తాం, రేటు చూస్తాం. దారి ఎప్పుడూ ఉంటుందనుకుంటాం. వాళ్లూ అట్లే అనుకున్నారు.

కొండ కింద సొరంగం

కనుమ మీద మంచును ఆపలేరు కాబట్టి కనుమ కిందనుంచి పోవాలని నిర్ణయించినారు. జర్మనీ కంపెనీలతో 1954లో పని మొదలుపెట్టి, 1956 డిసెంబరు 22న తెరిచినారు. తెరిచిన పెద్దమనిషి అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. జవహర్ టన్నెల్ అని పేరు పెట్టినారు. రెండున్నర కిలోమీటర్ల పైన పొడుగు, పక్కపక్కనే రెండు గొట్టాలు. ఎత్తు 2,194 మీటర్లు. అంటే కనుమ కంటే 600 మీటర్ల పైన ఎక్కుడు తగ్గింది. ఈ వైపు నుంచి మొదటిసారి లోయకు చలికాలంలో కూడా లారీ పోయే వీలు కలిగింది.

వీలు కలిగిందన్నానే గానీ, ఏ ఇబ్బందీ లేకుండా పోయిందని అనలేదు. సొరంగం ఉన్నచోటు కూడా మంచు పడే ఎత్తులోనే ఉంది. సొరంగానికి అటూఇటూ ఉన్న రోడ్డు మీద మంచు తీయాలి. 1960లో బోర్డర్ రోడ్స్ సంస్థ పెట్టినాక ఆ పని వాళ్లకు వచ్చింది. 2019 ఫిబ్రవరిలో కూడా సొరంగం దగ్గర ఉన్న పోలీసు పోస్టు మీద మంచు చరియ విరుచుకుపడి పోలీసులు చనిపోయినారు. అరవై ఏళ్ల తర్వాత కూడా అక్కడ పరిస్థితి అది.

ఎక్కుడు, దిగుడు

ఇప్పుడు మన పెద్దోళ్ల మాటలకొద్దాం.

ఈ రోడ్డు ఒకసారి ఎక్కి ఒకసారి దిగేది కాదు. జమ్ము 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి ఉధంపూర్ దాటి పట్నీటాప్ దాకా ఎక్కాలి, అది 2,024 మీటర్లు. మళ్లీ బటోత్ మీదుగా రాంబన్ దగ్గర చీనాబ్ నది దాకా దిగాలి. ఆ ఎక్కిందంతా పోయినట్టే. మళ్లీ రాంబన్ నుంచి బనిహాల్ మీదుగా సొరంగం దాకా ఎక్కాలి. సొరంగం దాటినాక ఖాజీగుండ్‌కు దిగాలి. రెండుసార్లు ఎక్కుడు, రెండుసార్లు దిగుడు.

"ఎక్కుడుకు భయం లేదురా," అన్నాడు చిన్నాయన. "ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తాది, నీళ్లు కాగుతాయి, నిలబడి నీళ్లు పోసుకుంటాం. దిగుడే చంపేది."

ఎందుకని అడిగినాను. ఆయన చెప్పింది మన ట్రాక్టరు తోలేవాళ్లకు కూడా పనికొస్తుంది. పది టన్నుల లోడుతో కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే డ్రమ్ము కాగుతుంది. కాగేకొద్దీ లైనరు పట్టు పోతుంది. ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత పొగ వస్తుంది, తర్వాత పెడలు తొక్కినా బండి ఆగదు. కాబట్టి ఏ గేరులో కొండ ఎక్కుతావో అదే గేరులో దిగాలి. బండిని ఇంజను పట్టుకోవాలి, బ్రేకు మధ్యమధ్యలో ఆసరాకు మాత్రమే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపినోళ్లు ఉన్నారు. "వాళ్లల్లో కొందరి బండ్లు ఇప్పటికీ లోయలోనే ఉండాయి," అన్నాడు. నవ్వుతూ చెప్పలేదు.

అప్పటి బండ్లకు పవర్ స్టీరింగు లేదు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీలు తయారవడం మొదలైంది. ముందు ముక్కులాగా బానెట్ పొడుచుకొచ్చిన బండ్లు. మిలిటరీకి 1959 నుంచి జబల్‌పూర్‌లో శక్తిమాన్ బండ్లు చేసినారు. మా మామ తోలింది శక్తిమానే. ఒక్కొక్క మలుపు దగ్గర ఒకేసారి తిరగదు. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు వెనక చక్రం అంచుకు జానెడు దూరంలో ఉంటుంది.

"అప్పుడు క్లీనరే దేవుడు," అన్నాడు చిన్నాయన. క్లీనరు కిందికి దిగి వెనక చక్రం దగ్గర చెక్క దిమ్మ పట్టుకొని నిలబడతాడు. బండి జారిందంటే దిమ్మ చక్రం కింద తోయాలి. తోసి చెయ్యి వెనక్కి లాక్కోవాలి. పద్ధెనిమిదేళ్ల పిల్లోళ్లు ఆ పని చేసేవాళ్లు. జీతం తక్కువ, పేరు ఎక్కడా రాయరు. ఆ పిల్లోడు సరిగ్గా కేకేస్తేనే డ్రైవరు, బండి, సరుకు మూడూ మిగిలేది.

చలి

మన ఎండల్లో పెరిగిన మనిషికి ఆ చలి మాటల్లో చెప్తే అర్థం కాదంటారు ఇద్దరూ. అయినా రెండు మూడు సంగతులు రాస్తాను.

రాత్రి బండి ఆపితే రేడియేటరులో నీళ్లు వదిలేయాలి. వదలకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి రేడియేటరు పగులుతుంది. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి కదా, ఇంజను బ్లాకు కూడా పగలొచ్చు. పొద్దున్నే ఏదో ఒక దాబాలో నీళ్లు కాచి పోసుకోవాలి. తర్వాత్తర్వాత గడ్డకట్టకుండా కలిపే కూలెంటు వచ్చింది.

డీజిలు కూడా చలికి చిక్కబడుతుంది. అందులో ఉండే మైనం పేరుకొని ఫిల్టరు మూసుకుపోతుంది. ఇంజను తిరుగుతుంది కానీ అంటుకోదు. అప్పుడు డ్రైవర్లు డీజిల్లో కొంచెం కిరోసిను కలిపేవాళ్లు. లేదంటే ట్యాంకు కింద, ఇంజను ఆయిలు సంపు కింద కుంపటి పెట్టి కాచేవాళ్లు. డీజిలు ట్యాంకు కింద నిప్పు! తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ వేరే దారి లేదు. ఈ మధ్యనే, 2019లో, ఇండియన్ ఆయిల్ వాళ్లు లద్దాఖ్ వైపు కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పనిచేసే చలికాలపు డీజిల్ తెచ్చినారు. మన చిన్నాయన రిటైరైన చాలా ఏళ్లకు.

మంచు కొత్తగా పడినప్పుడు అంత ప్రమాదం లేదంట. మెత్తగా ఉంటుంది, చక్రం పట్టుకుంటుంది. పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకడితే రోడ్డు మీద అద్దం పరిచినట్టవుతుంది. కంటికి తడి రోడ్డులాగానే కనబడుతుంది. బ్రేకు తొక్కితే బండి తొక్కినట్టే ఉండదు, పక్కకు పోతుంది. చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టాలి. చేతికి తొడుగులు వేసుకుంటే గొలుసు కొక్కెం పడదు, తీసేస్తే వేళ్లు ఇనుముకు అంటుకుంటాయి.

"ఒకసారి బనిహాల్ ఇవతల నాలుగు రోజులు నిలబెట్టినారు," అన్నాడు చిన్నాయన. "మా దగ్గర బియ్యం అయిపోయినాయి. పక్క ఊరోళ్లు, సాయిబులు, రొట్టెలు తెచ్చి ఇచ్చినారు. ఒక ముసిలాయన నిప్పుల కుండ ఇచ్చి, దుప్పట్లో పెట్టుకోమని సైగ చేసినాడు. భాష రాదు, నాకూ రాదు, ఆయనకూ రాదు. ఆ కుండ లేకుంటే మా క్లీనరు పిల్లోడు బతికేవాడు కాదు."

ఆ నిప్పుల కుండను కాంగ్రీ అంటారు. చిన్న మట్టికుండ, చుట్టూ పుల్లలతో అల్లిన బుట్ట, లోపల బొగ్గు నిప్పులు. పొడుగాటి అంగీ లోపల పట్టుకొని తిరుగుతారు.

రాళ్లు పడే చోటు

మంచు కంటే పెద్ద గండం రాంబన్‌కూ బనిహాల్‌కూ మధ్య ఉంది. అక్కడ కొండ గట్టి రాయి కాదు, పొరలు పొరలుగా విరిగే రాయి. వానకు నానితే జారుతుంది. వాన లేకున్నా రాళ్లు దొర్లుతాయి. పంథ్యాల్, డిగ్‌డోల్, రామ్‌సూ, ఇవన్నీ లారీవాళ్లకు కంఠతా వచ్చే పేర్లు. ఒక వాగు పేరే ఖూనీ నాలా. రక్తం తాగే వాగని అర్థం. ఊరికే పెట్టరు కదా ఆ పేరు.

మామ చెప్పిన మాట: "కాన్వాయిలో ముందు బండికీ మన బండికీ మధ్య ఇంత దూరమని లెక్క ఉండేది. పంథ్యాల్ కాడ ఆ లెక్కకు ఇంకొంచెం కలుపుకునేటోళ్లం. పైకి చూసే మనిషి ఒకడు, రోడ్డు చూసే మనిషి ఒకడు. రాయి వస్తాందని కేకేస్తే ఆగాల్నా, దూకించాల్నా, ఆ క్షణంలో తేల్చుకోవాల."

రోడ్డు ఇరుకు కాబట్టి పెద్ద లారీలను రెండువైపులా ఒకేసారి వదిలేవాళ్లు కాదు. ఒకరోజు జమ్ము నుంచి పైకి, మరుసటి రోజు శ్రీనగర్ నుంచి కిందికి. చరియ పడితే ఆ వంతు పోయినట్టే. కింద ఉధంపూర్ దగ్గర, పైన ఖాజీగుండ్ దగ్గర లారీల వరస నిలబడిపోయేది. పైకి పోయేవాటిలో గోధుమ, బియ్యం, గ్యాసు, సిమెంటు. కిందికి దిగేవాటిలో యాపిల్.

సిమెంటు వారం ఆగినా సిమెంటే. యాపిల్ వారం ఆగితే ఏమవుతుందో చీనీ రైతుకు చెప్పాల్సిన పనిలేదు.

ఆగిన లారీ ఖర్చు ఎవరిది?

ఇదే నేను ముఖ్యంగా రాయాలనుకున్నది.

దేశంలో పండే యాపిల్లో ముప్పాతిక వంతు దరిదాపు కాశ్మీరుదే. ఏడాదికి 20 లక్షల టన్నుల చుట్టుపక్కల. కోత సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. చెట్టు మీద ఆపుదామంటే మంచు భయం. 2018లోనూ, 2019లోనూ నవంబరు మొదటివారంలోనే మంచు కురిసి, కాయలున్న కొమ్మలు బరువుకు విరిగినాయి. కోసి పంపుదామంటే రోడ్డు భయం.

అక్కడ ఎక్కువమంది రైతులు ఆజాద్‌పూర్ లాంటి మండీలో కమీషన్ ఏజెంటుకు సరుకు పంపుతారు. చాలామంది ముందే ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉంటారు. సరుకు మండీలో దిగి అమ్ముడుపోయిన రేటే రేటు. దారిలో మెత్తబడితే ఆ నష్టం రైతుదే. ఏజెంటు కమీషన్ ఏజెంటుకు వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగు రోజులు ఆగిన లారీలన్నీ రోడ్డు తెరవగానే ఒకేసారి మండీలో దిగుతాయి. సరుకు పాతబడింది, పైగా ఒకేరోజు కుప్పపడింది. రేటు రెండు రకాలుగా పడుతుంది.

డ్రైవరు పరిస్థితి కూడా అంతే. కిరాయి ముందే మాట్లాడుకున్నది. మూడు రోజులనుకున్న దారి పదిరోజులైతే తిండి ఖర్చు ఆయనది. హాల్టింగు ఇస్తామని బిల్టీ మీద రాసి ఉన్నా, దాన్ని వసూలు చేసుకోవడం వేరే కథ. "హాల్టింగు డబ్బులు నాకు ముప్పై ఏండ్లల్లో పూర్తిగా వచ్చింది రెండుసార్లు," అన్నాడు చిన్నాయన. పైగా సరుకు చెడిపోయిందని కిరాయిలో కోత కోసేది కూడా డ్రైవరుకే.

ప్రాణభయం కొండతోనే అయిపోలేదు. 2019 అక్టోబరులో షోపియాన్ వైపు యాపిల్ ఎత్తడానికి వచ్చిన బయటి రాష్ట్రాల లారీ డ్రైవర్లను మిలిటెంట్లు కాల్చి చంపినారు. కోత నడిమధ్యలో. డ్రైవర్లు రావడానికి భయపడితే తోటల్లో పెట్టెలు ఎక్కడివక్కడ. వాళ్లకూ రైతుకూ ఉన్న సంబంధం అప్పుడు అందరికీ కనబడింది.

మన దగ్గర సూటు అని తీస్తారు కదా, దారిలో తరుగు పోతుందని తూకంలో ముందే కోసుకునేది. దారిలో నష్టాన్ని ఎవరి నెత్తిన వేయాలో బజారుకు బాగా తెలుసు. అక్కడ రోడ్డు మూసినప్పుడు వేస్తారు, ఇక్కడ రోడ్డు తెరిచి ఉన్నా వేస్తారు.

కొత్త సొరంగాలు, పాత కొండ

ఈ పదేళ్లల్లో ఆ రోడ్డు చాలా మారింది. మారలేదంటే తప్పవుతుంది.

2017 ఏప్రిల్ 2న చెనాని నుంచి నాశ్రీ దాకా 9 కిలోమీటర్ల పైన పొడుగున్న సొరంగం తెరిచినారు. పట్నీటాప్ ఎక్కుడు దాంతో పోయింది. 41 కిలోమీటర్ల కొండరోడ్డు 11 కిలోమీటర్లకు తగ్గింది. 2021లో బనిహాల్, ఖాజీగుండ్ మధ్య ఎనిమిదిన్నర కిలోమీటర్ల కొత్త సొరంగంలో బండ్లు తిరగడం మొదలైంది. అది పాత జవహర్ టన్నెల్ కంటే సుమారు 400 మీటర్లు కిందుగా పోతుంది. అంత కిందుగా పోయేసరికి మంచు బాధ చాలా తగ్గింది. 2023 మార్చిలో పంథ్యాల్ దగ్గర చిన్న సొరంగం తెరిచినారు. మామ చెప్పిన రాళ్లు ఇప్పుడు ఆ సొరంగం నెత్తిన పడతాయి, బండి మీద కాదు.

కానీ కొండను తొలిచే పనికి కూడా ప్రాణాలే పోయినాయి. 2022 మే నెలలో ఖూనీ నాలా దగ్గర కడుతున్న సొరంగం కూలి 10 మంది కూలీలు చనిపోయినారు. అదే ఏడాది సెప్టెంబరులో యాపిల్ సీజన్లో వేల లారీలు ఆ రోడ్డు మీద నిలిచిపోయి, రైతులు మండీలు మూసి నిరసన చేసినారు.

2025లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆగస్టు చివర కురిసిన కుండపోతకు ఉధంపూర్ జిల్లాలో ఒకచోట రోడ్డే కొండతోపాటు జారిపోయింది. మంచు కాదు, వాన. కొత్త సొరంగాలు ఉన్నాయి, వెడల్పు రోడ్డు ఉంది. మధ్యలో కొంచెం ముక్క లేదు. అంతే, దాదాపు మూడు వారాలు పెద్ద లారీలు సరిగ్గా కదల్లేదు. షోపియాన్ నుంచి పూంఛ్ వైపు మొఘల్ రోడ్డని ఇంకొకటి ఉంది. అది 3,400 మీటర్ల పైన పీర్ కీ గలీ కనుమ మీదుగా పోతుంది, చలికాలంలో మూసేస్తారు. దాని మీద అంత సరుకు దిగదు. లారీల్లోనే యాపిల్ కుళ్లిపోయింది. రైతులు పెట్టెలకు పెట్టెలు రోడ్డు పక్కన పారబోసినారు. టమాటా పారబోసినోళ్లం మనం, ఆ బాధ వేరే ఎవరో చెప్పక్కర్లేదు.

ఆదర్శ్ నగర్ స్టేషను

ఇక్కడ మనకూ వాళ్లకూ ఒక ముడి ఉంది. నాకు ఇది తెలిసినప్పుడు భలే అనిపించింది.

2025 జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా కాశ్మీర్ లోయకు రైలు కలిసింది. సెప్టెంబరులో రోడ్డు పోయినప్పుడు, ఆ నెల 13న బడ్‌గామ్ స్టేషను నుంచి యాపిల్ పెట్టెలతో ఢిల్లీకి రోజూ పోయే పార్శిల్ రైలు మొదలుపెట్టినారు. ఆ రైలు దిగేది ఢిల్లీ ఆదర్శ్ నగర్ స్టేషనులో. ఆజాద్‌పూర్ మండీకి దగ్గర.

2020 సెప్టెంబరు 9న మన అనంతపురం నుంచి దక్షిణాదిలోనే మొదటి కిసాన్ రైలు బయలుదేరింది గుర్తుందా? చీనీ, అరటి, టమాటా, బొప్పాయి ఎత్తినారు. అది పోయింది కూడా అదే ఆదర్శ్ నగర్‌కు. ఉత్తరం కొస రైతూ, దక్షిణం పక్క రైతూ ఒకే ప్లాట్‌ఫారం మీద సరుకు దించినారు. ఒకరి గురించి ఒకరికి తెలియదు.

రైలు వచ్చింది కదా, ఇక లారీ అవసరం లేదనుకోవద్దు. తోటలోకి రైలు రాదు. మొదట్లో ఆ రైలుకు వేసినవి రోజుకు రెండు పార్శిల్ వ్యాన్లే. వేల లారీల సరుకు రెండు వ్యాన్లల్లో పట్టదు. కానీ రెండో దారంటూ ఒకటి ఉంటే, మొదటి దారి మూసినప్పుడు కనీసం కొంత సరుకైనా కదులుతుంది. 1947లో వాళ్లకు పోయింది ఆ రెండో దారే. 78 ఏళ్లకు మళ్లీ ఒకటి దొరికింది.

మనం ఏం చేసుకోవచ్చు

చరిత్ర చెప్పి వదిలేస్తే మీరు నన్ను ఊరుకోరు కాబట్టి, ఇద్దరు పెద్దోళ్లతో మాట్లాడినాక నాకు తోచినవి మూడు రాస్తాను.

ఒకటి. సరుకు దూరం పంపేటప్పుడు బిల్టీ మీద హాల్టింగు ఎవరిదో, చెడిపోతే నష్టం ఎవరిదో ముందే రాయించండి. నోటిమాట కొండ మీద పనిచేయదు, మన మార్కెట్ యార్డులోనూ పనిచేయదు. పదిమంది రైతులు కలిసి ఒక లారీ మాట్లాడుకుంటే ఆ మాట అడిగే బలం ఉంటుంది. ఒక్కడే అడిగితే "నీ ఇష్టం" అంటారు.

రెండు. పంట వేసేముందు రెండో దారి, రెండో మార్కెట్టు ఏదో ఆలోచించండి. ఢిల్లీ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఢిల్లీ మూసినరోజు మనమూ మూతే. కాశ్మీర్ రైతుకు కొండ అడ్డం కాబట్టి రెండో దారికి 78 ఏళ్లు పట్టింది. మనకు కొండ అడ్డం లేదు. బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు మూడూ ఒక రాత్రి దూరమే.

మూడు. మన తోటకు లారీ వచ్చినప్పుడు డ్రైవరుకు, క్లీనరుకు ఇంత అన్నం పెట్టి, నీడన పడుకోనివ్వండి. లోడింగు పొద్దున్నని చెప్పి సాయంత్రం దాకా ఆపొద్దు. మనం ఇక్కడ ఆపిన ఆరుగంటలు ఆయన రాత్రి నిద్రలో తీసేసి నడుపుతాడు. ఆ నిద్రలేని కళ్ల ముందు ఉండేది మన సరుకే.

చివరగా చిన్నాయనను ఒకటడిగినాను. "అంత కష్టం కదా, ఎందుకు పోయినావు చిన్నాయనా, ఈ పక్క కిరాయిలు లేవా?" అని.

"కిరాయి ఎక్కువిచ్చేటోళ్లురా, దానికే పోయినా," అన్నాడు. "ఇంకోటి కూడా ఉండాది. ఖాజీగుండ్ దిగినాక ఒకచోట బండి ఆపితే, కిందంతా తోటలే. కోత కాలం. ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లోళ్లు పెట్టెలు సర్దుతాంటారు. మన చీనీ కోత మాదిరే. మా నాయన తోటలో నిలబడినట్టు ఉండె నాకు. ఇంతదూరం వచ్చినా మనోళ్ల పనే కదా ఇది అనిపించె."

మీ ఊళ్లల్లో కూడా ఇట్లాంటి పాత డ్రైవర్లు ఉంటారు. బనిహాలే కానక్కర్లేదు, మన శ్రీశైలం ఘాటైనా, అరకు ఘాటైనా సరే. రచ్చకట్ట మీద కూర్చుంటే ఎవరూ పలకరించరు. ఒక పూట కూర్చొని అడగండి, ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. మనం పండించినదంతా వాళ్లు మోసినదే. వాళ్లు పోతే ఆ దారుల సంగతి చెప్పేవాళ్లు ఉండరు.

ఉంటాను. వచ్చే పోస్టులో చీనీ తోటకు వేరుకుళ్లు గురించి రాస్తాను.